బువ్వం తినని పెండ్లి

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక పెద్ద హోటల్లో, చుట్టూ కుర్రవాళ్ళు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టి కేకలు వేస్తుండగా, మా అక్క తన కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నెమ్మదిగా నడిచివెళ్ళి, బండెడు పళ్ళెం ముందు కూర్చుని తింటున్న తన మనవడి చేతికీ అన్నానికీ నడుమ తన చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు బిడ్డా, ఇగ లే" అంది. అప్పటికి పళ్ళెంలో మిగిలింది మహా అయితే నాలుగు ముద్దల అన్నం, ఒక మాంసం ముక్క.

అక్క చేసిన పని ఎంతటిదో అక్కడున్న వారందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది, అక్కకు తప్ప. అన్నం మీద మాంసం పేర్చి నలుగురు కలిసి తినే మండీ పళ్ళేన్ని ఒక్కడే పెట్టిన సమయంలోగా ఖాళీ చేస్తే బిల్లు మాఫీ చేస్తారు, తిన్నవాడి ఫొటో పటం కట్టి గోడకు తగిలిస్తారు. అయితే తినేవాడు మధ్యలో లేవకూడదు, ఇంకొకరి చెయ్యి పళ్ళెం మీద పడకూడదు. అక్క చెయ్యి పడింది. బల్ల పక్కన నిలబడ్డ హోటలు మనిషి నవ్వాపుకుంటూ ఈల ఊదేశాడు. మనవడి దోస్తుల్లో ఒకడు "అరేయ్, బాపమ్మ రెడ్ కార్డ్ ఇచ్చిందిరో!" అని అరిచాడు. వెనక బల్ల నుంచి ఇంకెవరో "ముసలామెకు ఆకలైతున్నట్టుంది, జర ఒక ప్లేటు పెట్టుండ్రి" అన్నారు. హోటలంతా గొల్లుమంది. పిల్లవాడు లేచి నిలబడ్డాడు. నోటినిండా అన్నం, కళ్ళనిండా నీళ్ళు. మింగి, "అందరి ముందట నా ఇజ్జత్ తీసినవ్ బాపమ్మా" అని మాత్రం అని, చెయ్యి కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. మా వైపు నాయనమ్మను బాపమ్మ అనే పిలుస్తారు. పుట్టిన నాటి నుంచి వాడు ఆమె చేతి ముద్దలతో పెరిగినవాడు.

సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగి, అక్కడ లేని నా ఫోనుకూ వచ్చింది. ఏదో నవ్వుల సంగీతం జోడించి, అక్క చెయ్యి చాచే దృశ్యాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పి పెట్టారు. మరునాడు పొద్దున నడకకు వెళ్తే, రోజూ నాతో నడిచే పెద్దమనిషి ఫోను నా కళ్ళ ముందు పెట్టి, "చూసినవా సార్, పాపం పిల్లగాడు, ఈ ముసలామె మొత్తం ఖరాబ్ జేసింది" అంటూ పడీపడీ నవ్వాడు. నేనూ ఇంత నవ్వు తెచ్చిపెట్టుకున్నాను. ఆమె మా అక్క అని చెప్పడానికి నోరు రాలేదు. అరవై దాటిన మనిషినై ఉండి, సొంత అక్కను అక్క అని చెప్పుకోలేక చెరువు కట్ట మీద తల దించుకుని నడిచాను.

పత్రికకు వార్తలు పంపుతూ, తర్వాత అదే పత్రిక బల్ల దగ్గర ఇతరులు పంపిన వార్తలు దిద్దుతూ నా ఉద్యోగకాలమంతా గడిచింది. తిండి పందేల వార్తలు నా చేతిమీదుగా ఎన్ని పోయాయో. వినాయక మండపాల దగ్గర జిలేబీల పందెం, కాలేజీ వార్షికోత్సవంలో మిర్చి బజ్జీల పందెం, కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటరువాళ్ళు జనాన్ని పోగు చెయ్యడానికి పెట్టే ఇడ్లీల పందెం. అటువంటివి వస్తే చుట్టూ గీత గీసి బాక్స్ ఐటం చేసేవాళ్ళం. కరువు వార్తలు, ప్రమాదాల వార్తలు చదివి బరువెక్కిన పాఠకుడు అక్కడికి వచ్చి కాస్త నవ్వుకుంటాడని మా నమ్మకం. ఆ వార్తల్లో గెలిచినవాడి పేరుండేది, తిన్న లెక్క ఉండేది, అడుగున ఒక చమత్కారం ఉండేది. వడ్డించిన వారి సంగతి ఎవరూ రాయలేదు, నేనూ రాయమని అడగలేదు. వడ్డించినవాళ్ళకు ఏం జరుగుతుందో మా ఆఫీసులో అందరికన్నా నాకే బాగా తెలుసు.

అక్క పెండ్లి నస్పూర్‌లో, గని కార్మికుల క్వార్టర్ల మధ్య జరిగింది. మేం బాపు అని పిలిచే మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. వరుసగా ఇరుకిరుకు ఇండ్లు, ఇంటి ముందు నీళ్ళ నల్లా, నల్లా దగ్గర వంతుల కోసం కొట్లాట, ఆ కొట్లాట అయిన సాయంత్రమే గిన్నెలో కూర పెట్టుకుని వచ్చి పలకరింపు, ఇదీ మా లైను. నాకప్పుడు ఇరవై ఏండ్లు. కొత్తగా పత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టి, చొక్కా జేబులో కలం లేకుండా బయటికి పోని రోజులవి.

సంబంధం ఖానాపూర్ దగ్గరి వ్యవసాయదారులది. మంచివాళ్ళే. నలుగురు మెచ్చే సంబంధమనే బాపు సంతోషపడ్డాడు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మగపెండ్లివారు తమతోపాటు ఒక తినేవాణ్ణి తీసుకొచ్చేవారు. అంతటా ఉందో లేదో గానీ మా చుట్టుపక్కల ఉండేది. బంధువుల్లోనే ఎవరో ఒకరు, ఎంత వడ్డించినా కాదనని మనిషి, బంతి చివర కూర్చుంటాడు. ఆడపెండ్లివారు వడ్డిస్తూ ఉండాలి, ఆయన తింటూ ఉండాలి. ఇక చాలని ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే గెలుపు ఆడపెండ్లివారిది. ఆయన చెయ్యి పెట్టకముందే వండింది అయిపోతే మగపెండ్లివారిది. గెలిచినవారికి చేతికి వచ్చేదేమీ లేదు. ఓడినవారికి మాత్రం మాట పోయేది, ఆ పోయిన మాటను పిల్ల వెంట అత్తవారింటికి సాగనంపినట్టయ్యేది.

బావ వాళ్ళలో ఆ పని చేసేది ఆయన చిన్నాయన. బావ ఆయనను కాక అని పిలిచేవాడు, మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. వరపూజ నాడు మాటల మధ్యలో అక్క మామగారు మీసం కింద నవ్వుతూ, "బావా, పెండ్లికి మా తమ్ముడొస్తుండు. జర అన్నం దేగిశాలు పెద్దయి పెట్టిచ్చుకో" అన్నాడు. ఆ మాటను నవ్వి వదిలెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ బాపు లైనులోని వాళ్ళందరూ వింటున్నారన్న ఊపులో ఉన్నాడు. "రానీ బావా! మీ తమ్ముడు చెయ్యి అడ్డం బెట్టేదాంక మా గంటె ఆగది" అన్నాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. లోపల వంటింట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే, "బిడ్డ పెండ్లిల పందెమేందయ్యా? గిదేమన్న కోళ్ళ కొట్లాటనా?" అని గొణిగింది. అవ్వ మాట ఆ గోల్లో ఎవరికీ వినిపించలేదు. నాకు వినిపించింది గానీ, నాకూ ఆ చప్పట్లే బాగున్నాయి.

పెండ్లి ఎండాకాలంలో. లైను పొడుగునా టార్పాలిన్లు కట్టించారు. మోదుగాకు విస్తర్లు కట్టలు కట్టలుగా తెప్పించి తడిపి పెట్టారు. బగారన్నం, యాటమాంసం కూర, పచ్చిపులుసు, బూంది. వంటకు లక్సెట్టిపేట నుంచి ఒక చాచా వచ్చాడు, ఆ చుట్టుపక్కల పెండ్లిళ్ళకు పేరున్న బావర్చీ. పందెం సంగతి తెలిసి ఆయన పొయ్యి దగ్గర నుంచే బాపును కేకేసి, "క్యా భాయ్, గిట్లెట్ల మాటిచ్చినవ్? మనిషి కడుపు లెక్కనే దేగ్‌ది కూడ కడుపే, దానికి కూడ అడుగుంటది" అన్నాడు. బాపు నవ్వి ఆయన భుజం తట్టాడు.

మొదటి దెబ్బ లారీలతోనే తగిలింది. ఒక లారీలో వస్తామన్నవారు రెండు లారీల్లో దిగారు. వచ్చినవారిని కాదనేదేముంది, వడ్డించాం. తర్వాత పెద్దల బంతిలో చివర కాక వచ్చి కూర్చున్నాడు. మేం అందరం బానకడుపు మనిషిని ఊహించుకున్నాం. వచ్చిన మనిషి ఎండుపుల్ల. దవడలు లోపలికి పోయి, మెడ నరాలు తేలి, తెల్లటి పంచెలో ఇంకా సన్నగా కనిపించాడు. ఆవురావురుమని తినలేదు. గోడ కట్టే మేస్త్రీ ఇటుక మీద ఇటుక పెట్టినట్టు, ఒకే కొలత ముద్దలు, ఒకే నింపాదితో పెట్టుకుంటూ పోయాడు. అన్నం బకెట్టు నా చేతిలో ఉంది. మగపెండ్లివారి కుర్రవాళ్ళు చుట్టూ మూగి, "పొయ్ బామ్మర్దీ పొయ్, గంటె ఎండిపోతున్నది" అని నన్ను ఉడికించారు. మావాళ్ళు తక్కువ తిన్నారా, "కాకా, నడుము గుంజుతున్నదా? ఎనుకకు దిండు తేవాల్నా?" అన్నారు. కాక తల ఎత్తకుండానే, "పంచె ముడి జర వదులు జేసుకున్న బిడ్డా, ఫికర్ లేదు" అన్నాడు. అందరం నవ్వాం. ఇది పత్రికకు పంపితే భలే ఉంటుందని వడ్డిస్తూనే మనసులో శీర్షిక కట్టుకున్నాను. అక్క, బావ బాసికాలతో పందిరి చివర బల్ల మీద కూర్చుని ఉన్నారు. అక్క తెల్లవారుజాము నుంచి ఉపవాసం. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

నేను నాలుగోసారో అయిదోసారో బకెట్టు నింపుకోవడానికి పోయినప్పుడు దేగిశా అడుగున గరిటె గీరుకునే చప్పుడు విన్నాను. చాచా నా ముఖం చూడకుండా, "ఇగ మాడుచెక్కనే బేటా, బాపుకు జెప్పు" అన్నాడు. బాపుకు చెప్పాను. పందిట్లో కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. బాపు నిలబడ్డచోటే ఒకసారి చుట్టూ చూసి, గబగబా ఇంట్లోకి నడిచాడు. వెనకే నేను.

లోపల దేవుని గూటి కింద, కొత్త ఇత్తడి గిన్నెలో, అవ్వ బువ్వం పెట్టి మూత వేసి ఉంచింది. పెండ్లినాడు పెండ్లికొడుకూ పెండ్లికూతురూ మొదటిసారి ఒకే పళ్ళెంలో కలిసి తినే అన్నం అది. తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, పైన బెల్లం. దాన్ని చాచా వండలేదు, పొద్దున్నే తలస్నానం చేసి అవ్వే వండింది. బాపు వంగి మూత మీద చెయ్యి వేశాడు. ఆయన చేతి మీద అవ్వ చెయ్యి వేసింది.

"అది బిడ్డ బువ్వం. దాన్ని ముట్టకు."

"మాట పోతదే."

"పోతె పోనియ్యి. తెల్లారంగ నుంచి పిల్ల నోట్ల నీళ్ళు బొయ్యలే."

బాపు అవ్వ వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించి, గిన్నె ఎత్తి నా చేతిలో పెట్టి, "పో, పొయ్యి" అన్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బాపు అవ్వ మీద చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు. వేళ్ళు విడిపించడమే చూశాను. అది కొట్టడం కన్నా తక్కువేమీ అనిపించలేదు.

నేను గిన్నె పట్టుకుని కాక ముందుకు పోయాను. అప్పటిదాకా ఎర్రగా మసాలా పట్టిన అన్నం తిన్న విస్తరిలో తెల్లన్నం పడింది, నెయ్యి వాసన గుప్పుమంది, బెల్లం ముక్క ఒకటి జారి విస్తరి అంచున ఆగింది. కాక చెయ్యి ఆగిపోయింది. ఆ అన్నం ఏమిటో ఆ ఈడు మనిషికి ఒకరు చెప్పాలా? మొదటిసారి తల ఎత్తాడు. నన్ను చూశాడు. నన్ను దాటి, ఎదురుగా నిలబడ్డ తన అన్నను, అంటే అక్క మామగారిని చూశాడు. ఆ చూపు చాలాసేపు ఉన్నట్టు నాకిప్పటికీ అనిపిస్తుంది. ఎవరో ఒకరు ఒక మాట అంటే సరిపోయేది. నేను అనొచ్చు, నా చేతిలోనే ఉంది గిన్నె. మామగారు, "కానియ్ తమ్మీ, ఏం సూస్తవ్? దినే అన్నమే గదా" అన్నాడు. అందరూ నవ్వారు. కాక తల దించి తిన్నాడు.

ఆ తర్వాత వడ్డించడానికి ఏమీ లేదు. బాపు భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో పట్టుకుని వచ్చి, వియ్యంకుడి ముందు నిలబడి, "ఒడిసింది బావా" అన్నాడు. అయిపోయిందనడానికి మా దిక్కు మాట అది. మగపెండ్లివారు ఈలలు వేశారు, తువ్వాళ్ళు ఎగరేశారు. ఎవరో డప్పులవాళ్ళను కొట్టమన్నారు. గెలిచిన కాక మాత్రం ఎవరి చేతికీ అందకుండా లేచి నల్లా దగ్గరికి పోయి, నీళ్ళు వస్తున్నా చేతులు కడుక్కోకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంకా ఆఖరి సిగ్గు మిగిలే ఉంది. మొదటి షిఫ్టు దిగిన బాపు తోటివాళ్ళు అప్పుడే వచ్చారు. స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, ఎంత కడిగినా పోని బొగ్గు కంటి అంచుల్లో కాటుకలా నిలిచి ఉండగా, ఆకలితో వచ్చారు. వాళ్ళ కోసమే ఆఖరి బంతి. బోర్లించిన దేగిశాలు చూసి వాళ్ళలో పెద్దవాడు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "మేం దినే వచ్చినమే, గిన్ని మంచినీళ్ళియ్యి" అన్నాడు. వాళ్ళు నీళ్ళు తాగి, అక్క తల మీద అక్షింతలు వేసి వెళ్ళిపోయారు. బాయి దిగి వచ్చినవాడు ఎక్కడా తిని రాడని లైనులో పసిపిల్లకు కూడా తెలుసు.

బువ్వం ఏదని ఆడవాళ్ళు అడిగారు. పక్కింటామె ఇప్పుడే వండిపెడతానని పొయ్యి రాజేసింది. గృహప్రవేశానికి పొద్దు దాటుతుందని మామగారు లారీ స్టార్టు చేయించాడు. అక్క ఆకలితోనే లారీ ఎక్కింది. వాళ్ళింటికి చేరాక ఎవరో అడిగితే ఏమీ తినలేదని చెప్పిందట. "అయ్యో, మీ అవ్వగారింట్ల మీ పెండ్లి బువ్వనే మిగుల్చుకోకపోతిరా!" అన్నారట. తిన్నది తమ మనిషేనన్న మాట ఆ నవ్వుల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వార్త నేను పత్రికకు పంపలేదు. మనసులో కట్టిన శీర్షికను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

బాపు మరునాడే డ్యూటీకి పోయాడు. బాయిలో తిండి వేళ అందరూ డబ్బాలు విప్పి ఒకరి కూర ఒకరు వేసుకుని తినడం అక్కడి పద్ధతి. ఆ తర్వాత చాలా కాలం బాపు దూరంగా గోడవైపు తిరిగి తన డబ్బా తాను తినేవాడని తోటివాళ్ళు అవ్వతో చెప్పారు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కలిసిపోయేవాడేమో. ఎవరి పెండ్లికి పోయినా ఆఖరి బంతి లేచాకగానీ విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. ఆఖరున ఉన్నంతలో సర్దుకుని తిని వచ్చేవాడు.

అక్కకు ఆ మాట చాలా ఏండ్లు అంటుకునే ఉంది. మొదటి కాన్పు నిలవకపోతే "బువ్వం దినని పెండ్లి" అన్నారు. బావతో మాటామాటా వస్తే "బువ్వం దినని పెండ్లి, గిట్లనే ఉంటది" అన్నారు. అక్క ఏనాడూ వచ్చి మాకు చెప్పలేదు. బాపు పోయాక, అదీ మాటల్లో మాటగా చెప్పింది. అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ఇంట్లో కాకకు రోజూ అన్నం పెట్టింది అక్కే. ఆయనకు పెండ్లి లేదు, అన్నగారి పంచనే ఉండేవాడు. ఏనాడూ అక్క ముఖం చూసి మాట్లాడలేదట. అక్క గంటె పట్టుకుని రాగానే, మొదటి వడ్డనకే చెయ్యి అడ్డం పెట్టేసేవాడట. ఎన్నడూ రెండోసారి పెట్టించుకోలేదు. పెండ్లిళ్ళకు రమ్మని చుట్టాలు ఎంత బతిమాలినా కడుపునొప్పని తప్పించుకునేవాడు. కొన్నేండ్లకు అట్లాగే చిక్కి చనిపోయాడు. నీ బువ్వం నేను తిన్నానని ఆయన అనలేదు, తిన్నావని అక్క అనలేదు.

హోటల్లో గొడవ జరిగిన వారం తర్వాత అక్క దగ్గరికి వెళ్ళాను. బావ పోయినప్పటి నుంచి ఆమె కరీంనగర్‌లోనే కొడుకు దగ్గర ఉంటున్నది. బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. వీడియో సంగతి ఆమెకూ చేరింది. ఎందుకు లేచావక్కా, పిల్లలు సరదాకు ఆడుకుంటుంటే, అని అడిగాను. ఇంకో కాయ తీసి ఒలుస్తూ, "ఆ పొద్దు కాక తలకాయ లేపి సూసిండు, నీకు యాదికున్నదా?" అంది. ఉందన్నాను. "ఒక్కలన్న వద్దంటరేమోనని సూసిండురా. గా సూపు నాకెర్క, ఎదురుంగనే కూసున్న. ఒక్కలు గూడ వద్దనలే. నేను గూడ అనలే, పెండ్లిపిల్లను ఏమంట? మొన్న గీ పిల్లగాడు గూడ గట్లనే తలకాయ లేపిండు. నా దిక్కే సూసిండు. ఇగ ఎట్ల కూసుంట చెప్పు."

పిల్లవాడిది అచ్చం కాక పోలికే. అదే సన్నటి మెడ, అదే నింపాది ముద్ద. ఇంట్లో అందరూ అనే మాటే అది. వాడికి జరిగింది చెప్పు అక్కా, లేకుంటే నేను చెప్తా, అన్నాను. అక్క నా వైపు కోపంగా చూసింది. "ఏమని జెప్తవ్? మీ తాతలు గిసోంటోళ్ళని జెప్తవా? వాడు గా ఇంటోడు. నేను గూడ గా ఇంటిదాన్నే." రాసుకుంటానంటే మాత్రం నవ్వింది. "రాసుకో పో. వాడు తెలుగు సదువుతడా పెడ్తడా."

ఆ రోజు తిరిగి వస్తూ బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. మా రోజుల్లో ఆ పందెంలో పెట్టేవాడు ఓడిపోయేవాడు. ఓడిపోతాడు గనకే తినేవాడి ముఖం చూసేవాడు, ఎంత మిగిలి ఉందోనని గిన్నె చూసుకునేవాడు, భయపడేవాడు. ఇప్పటి పందెంలో పెట్టేవాడికి ఓటమే లేదు. వాడి వంటింట్లో దేగిశా అడుగు గీరుకోదు. తినేవాడు తింటే ఫొటో, తినకపోతే బిల్లు, ఏదైనా హోటలుకు పేరే. ఓడేదీ తినేవాడే, గెలిచేదీ తినేవాడే, నవ్వులపాలయ్యేదీ వాడి ఇంటివాళ్ళే. అప్పటిది మేలని నేను అనను, ఆ మేలు ఏపాటిదో చూసినవాణ్ణి. కానీ అప్పుడు వద్దనడానికి ఆ పందిట్లో కనీసం పదిమంది సొంతమనుషులు ఉన్నారు. అనలేదు, అది వేరే మాట. ఇప్పుడు వద్దన్న ఒక్క మనిషిని ఊరంతా చూసి నవ్వింది, నేను కూడా ఆ నవ్వులో కలిశాను.

మొన్న మళ్ళీ అక్క ఇంటికి పోయినప్పుడు పిల్లవాడు ఒక్కడే దొరికాడు. అక్క మాట దాటకుండా, పెండ్లి ఊసు ఎత్తకుండా, ఆ రోజు తల ఎత్తి ఎవరి కోసం చూసినవ్‌రా అని అడిగాను. వాడు విసుక్కోలేదు, తడుముకోలేదు. "టైం సూసిన తాతా. గడియారం బాపమ్మ ఎనుక గోడకు ఉండె. ఇంక ఐదు నిమిషాలుండె, పళ్ళెం ఖాళీ అయిపోతుండె" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఆ హోటలుకు వెళ్ళాను. గడియారం నిజంగానే అక్క కూర్చున్న చోటికి పైన ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖమూ, గోడ మీది గడియారమూ, పళ్ళెం దగ్గరి నుంచి చూస్తే ఒకే చూపులో పడతాయి.

ఈ సంగతి అక్కకు చెప్పలేదు. పిల్లవాడు బాపమ్మతో మాట్లాడుతున్నాడు, మందులు తెచ్చిస్తున్నాడు, ఫోను రీచార్జి చేయిస్తున్నాడు. అన్నం మాత్రం తానే పెట్టుకుని తింటున్నాడు. అక్క గంటె గిన్నెలోనే వదిలి పక్కకు జరుగుతున్నది.